గడప ఇవతల

మూలాపేటలో తద్దినమంటే
ముందురోజు పొద్దుగూకక ముందే చీటీ నా చేతికొస్తుంది.
అరటికాయ, కంద, చేమ, పొట్లకాయ,
గోరుచిక్కుడు, అల్లం, నువ్వులు.
అడుగున గీత గీసి
వంట యజ్ఞన్న రాసేది ఎప్పుడూ ఒకే మాట:
ఇంగిలీషు కూరలు వద్దు.

స్టోన్‌హౌస్‌పేటలో మస్తాన్‌బీ అంగడి.
తెల్లారి నాలుక్కి ఊటీ లారీ దిగేసరికి
గోనెసంచుల్లో ఇంకా చలి ఉంటుంది.
చిల్లర లేదని ఆ రోజు
ఒక క్యారెట్ నా సంచిలో పడేసింది.
"మీ అయ్యోరు తినకపోతే నువ్వు తినబ్బా పెంచలయ్యా.
మా నాయనమ్మ గాజర్ అనేది దీన్ని.
కాబూల్ పక్కది,
మా పేర్ల మాదిరే నడిచొచ్చింది."

ఆమె మనవరాలు నూరీ
బాపట్లలో వ్యవసాయం చదువుతుంది.
ఆదివారం ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని
మిగతాది చెప్పింది.

మొదట్లో ఎలక తోకంత వేరంట.
నమిలితే చేదు, పీచు.
గడ్డ కోసం కాదు,
విత్తుల కోసం, ఆకు కోసం పెంచినారంట,
మందుకని.
తర్వాత ఎన్ని వందల ఏళ్లకో వేరు ఒళ్లు చేసింది,
మన వంకాయ రంగులో ఒకటి,
పసుపుకొమ్ము రంగులో ఒకటి.
పడమటి దేశాలకు పోయాక
వలందా రైతులు ఏరి ఏరి
విత్తనం దాచి, మళ్లీ ఏరి
ఈ నారింజ రంగును నిలబెట్టారంట.

వలందావాళ్లకు మన పులికాట్ ఒడ్డున
ఒకప్పుడు కోట ఉండేది.
ఓడలో దీన్ని తెచ్చారా?
ఎవరూ రాసిపెట్టలేదంది నూరీ.
తర్వాత దొరలు, దొరల సూపు,
కొండ మీద తోటలు,
చివరికి ఈ లారీ.

లేచిపోతూ ఇంకో మాట అంది,
అదే నన్ను రాత్రంతా నిద్ర పోనీలేదు.
గొడుగు లాంటి పువ్వు పూసేవన్నీ ఒక ఇంటివేనంట:
కొత్తిమీర, వాము, సోంపు, జీలకర్ర,
ఆఖరికి ఇంగువ.

ఇంగువా!
కొందరు తద్దినానికి అదీ కూడదంటారు.
యజ్ఞన్న అనడు.
పలుకు నేతిలో పొంగితే తప్ప
చారు మీదికి ఆయన చెయ్యి కదలదు.
ఆ కొండల పిల్లే కదా అదీ,
ఆ రాళ్ల ఎండలో కాచిన పాలే కదా.
ఊరేదని ఎవరడిగారు దాన్ని?
జీలకర్ర సంగతి సరేసరి,
బెల్లంతో జట్టు కట్టి
పెళ్లికొడుకు నెత్తినెక్కి కూర్చుంటుంది.
గడ్డకు మాత్రం గడప.

గడప సంగతి నాకు తెలుసు.
ఇరవయ్యేళ్లుగా కూరలు మోస్తున్నా.
పెరటి మెట్టు దాకా నా కాళ్లు,
అక్కణ్ణుంచి ఆయన చేతులు.
ఎవరూ పొమ్మనరు.
గీత ఎక్కడుందో
అందరికీ తెలుసు, అంతే.

క్యారెట్ తినేశాను,
పెరటి కుళాయి కింద కడిగి, నిలబడే.
తొడిమ ముక్క పారేయబుద్ధి కాలేదు.
పగిలిన గాజుగ్లాసులో రెండు వేళ్ల నీళ్లు పోసి
యజ్ఞన్న ప్రహరీ మీద పెట్టి
మర్చిపోయాను.

అది మర్చిపోలేదు.
వారానికి ఆకు తొడిగింది,
చిన్న పిల్ల దువ్వెన పళ్లంత సన్నంగా.

మొన్న ఆబ్దికం వంటకు గరిటెలు సర్దుకుంటూ
యజ్ఞన్న పెరట్లోకొచ్చి ఆగాడు.
ఒక రెమ్మ తుంచాడు.
రెండు వేళ్ల మధ్య నలిపి
ముక్కు దగ్గర పెట్టుకుని
కళ్లు మూసుకున్నాడు.
యాభయ్యేళ్ల పొగ తాగిన ముక్కది,
అబద్ధమాడదు.

"ఏమిట్రా పెంచలా ఇది?
వామా? కొత్తిమీరా?
ఎక్కడో బాగా ఎరిగిన వాసన."

లోపల ఎసరు మూత కొట్టుకుంటోంది.

"ఎసరు పొంగుతుండాది సామీ"
అన్నాను,
మెట్టు ఇవతల నుంచి.